సీలేరు దారిలో మా పాయింట్ల బుల్లెట్‌ను మళ్లీ నడిపించిన అందరికీ కృతజ్ఞతలు

గూడెం కొత్తవీధి దాటాక సీలేరు వెళ్లే అడవి దారిలో మా పాత బుల్లెట్ మొరాయించినప్పుడు ఆదుకున్న ప్రతి ఒక్కరికీ మా బృందం తరఫున చేతులెత్తి నమస్కారం. పేర్లు బయటపెట్టొద్దని కొందరు అడిగారు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరు ఏం చేశారో, ఎలా చేశారో మాత్రం కొలతలతో సహా రాస్తున్నాం. వాళ్లు చూపించిన పని ఇంకో పాత బండికి, ఇంకో మలుపులో అక్కరకు రావాలి.

బండి సంగతి ముందు చెప్పాలి. క్యాస్ట్ ఐరన్ బోరు, 346 సీసీ, 70 మి.మీ. బోరుకు 90 మి.మీ. స్ట్రోకు, కుడికాలి గేర్లు నాలుగు, 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే పాయింట్ల ఇగ్నిషన్. పాయింట్లంటే ఇంజనుతో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ, ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ కరెంటును తెంచే చిన్న స్విచ్చు. జబ్బు ఇదీ: చల్లగా ఉంటే ఒక్క కిక్కుకే అందుకుంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టి ఇంజను బాగా కాగాక మిస్సింగ్, సైలెన్సర్‌లో టపటపా పేలుళ్లు, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోవడం. అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఇలా వేడికి చచ్చి చల్లదనానికి బతికే జబ్బును పట్టుకోవడం కష్టం. మెకానిక్ వచ్చేసరికి బండి బాగానే ఉంటుంది కదా.

మొదటి దండం ఆ మలుపు దగ్గరి కాఫీ తోట రైతుకు, ఆయన కొడుకులకు. సామానుతో కలిపి రెండు క్వింటాళ్ల బరువున్న బండిని ఎగువకు తోసి, తమ పందిరి కిందికి చేర్చారు. వాన పడుతుంటే పాయింట్ల మూత తెరవలేం. ఆ పందిరే లేకపోతే ఆ రోజు పని ముందుకు కదిలేది కాదు.

రెండో దండం కాకినాడ నుంచి ఫోనులో దారి చూపిన అన్నగారికి. సిగ్నల్ పోతూ వస్తూ ఉన్నా విసుక్కోకుండా ఒక్కొక్కటీ వరసగా చూపించారు. ఆ వరస బంగారం లాంటిది. ముందు పెట్రోలు సంగతి తేల్చేయాలి. ట్యాంకు మూత తెరిచి నడిపినా జబ్బు మారకపోతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోలేదన్నమాట. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి కాక్ తిప్పితే ధార తెగకుండా రావాలి. కింది గిన్నె మర విప్పి, దిగిన పెట్రోలును అరచేతిలో పట్టి చూడాలి. నీళ్లుంటే అడుగున పూసల్లా విడిగా కనిపిస్తాయి. సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించుకునే దారుల్లో ఇది తప్పనిసరిగా చూడాల్సిన సంగతి. మా బండిలో ఈ మూడూ బాగానే ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన చెప్పింది పాత బుల్లెట్ నడిపే ప్రతివారూ గుర్తుపెట్టుకోవాలి: హెడ్‌లైటు డూమ్ మీది ఆంపియర్ మీటరే మీ చేతిలోని టెస్టర్. లైట్లన్నీ ఆపి, తాళం ఆన్ చేసి, కిక్కర్‌ను చేత్తో నెమ్మదిగా నొక్కండి. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, తెరుచుకోగానే సున్నాకు రావాలి. ఎంత తిప్పినా సున్నా దగ్గరే ఉండిపోతే పాయింట్లు అతుక్కోవడం లేదు, లేదా కాయిల్ వైరు ఎక్కడో తెగింది. ఎప్పుడూ మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సర్ (పాయింట్లకు జతగా ఉండే, కరెంటును క్షణంపాటు పట్టి ఉంచే చిన్న డబ్బా) లోపల షార్టయింది. మా ముల్లు సక్రమంగానే ఊగింది. అంటే బ్యాటరీ నుంచి కాయిల్‌కు ప్రైమరీ కరెంటు వెళుతోంది, తెగుతోంది. కానీ సరిగ్గా తెగడం లేదు.

ఎందుకు తెగడం లేదో తెలియాలంటే ఇంజను కాగి ఆగిపోయిన క్షణంలోనే పాయింట్ల మూత తీసి చూడాలి. నీడలో, తాళం ఆన్‌లో ఉంచి, పాయింట్లను చిన్న కర్రపుల్లతో విడదీస్తే మధ్యలో చిన్న నీలి చుక్క మెరిస్తే పరవాలేదు. లావుగా, పసుపురంగులో మంట లేచిందంటే కండెన్సర్ పోయినట్టే. మాకు లేచింది పసుపు మంటే. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ కూడా నారింజ రంగులో, నీరసంగా ఉంది. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో కరెంటు అక్కడే దూకి మంటగా మారకుండా కండెన్సర్ దాన్ని తనలోకి లాక్కోవాలి. అప్పుడే కాయిల్‌లోని అయస్కాంత బలం ఒక్కసారిగా కూలి, ప్లగ్గు దగ్గర వేల వోల్టులు పుడతాయి. కండెన్సర్ లోపలి పొరలు వయసు మీరి వేడికి లీకవడం మొదలుపెడితే ఆ కూలడం మందగిస్తుంది, నిప్పురవ్వ సన్నబడుతుంది. చల్లారితే లీకు తగ్గి బండి మళ్లీ కదులుతుంది. బుల్లెట్ కండెన్సర్ ఉండేది ఇంజను పక్కనే, డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు కూర్చునే డబ్బా) లోపల. ఆ సెగలో అది ఎక్కువ కాలం నిలవకపోవడంలో వింతేమీ లేదు.

మూడో దండం చింతపల్లి మేస్త్రికి, నర్సీపట్నంలో స్పేర్ పార్టుల కొట్టు నడిపే పెద్దాయనకు, ఆ పొట్లాన్ని తన సీటు పక్కన పెట్టుకుని తెచ్చిన బస్సు డ్రైవరు గారికి. బుల్లెట్ కండెన్సర్ కొట్టులో లేదు. పెద్దాయన వెతికి అంబాసిడర్ కారు డిస్ట్రిబ్యూటర్‌కు వేసే కండెన్సర్ ఇచ్చారు. ఏ బండిది అన్నది ముఖ్యం కాదు, విలువ 0.2 మైక్రోఫారడ్ చుట్టుపక్కల ఉంటే చాలు. మేస్త్రి దాన్ని డిస్ట్రిబ్యూటర్ లోపల ఇరికించే ప్రయత్నమే చేయలేదు. పాతదాని వైరు విప్పేసి, కొత్తదాన్ని ట్యాంకు కింద, కాయిల్ బోల్టుకే బిగించారు. దాని వైరును కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే టెర్మినల్‌కు కలిపారు. కండెన్సర్ ఒళ్లే దానికి ఎర్తు. అందుకని బోల్టు కింద పెయింటును ఇసుక కాగితంతో గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బిగించారు. పెయింటు మీద బిగిస్తే కొత్తది కూడా పోయినదానిలాగే ప్రవర్తిస్తుంది. బయట పెడితే ఇంజను సెగ తగలదు, దారిలో మార్చాలన్నా రెండు నిమిషాల పని.

అయితే పాత కండెన్సర్ పోతూ పోతూ పాయింట్లను కూడా పాడుచేసింది. ఒకవైపు గుంట, రెండోవైపు దానికి సరిపడా బొడిపె. మేస్త్రి సన్నటి ఆకురాయితో బొడిపెను మాత్రమే తీశారు. గుంట పూర్తిగా పోయేదాకా అరగదీస్తే పైనున్న గట్టి లోహం అరిగి పాయింట్లు వారం కూడా నిలవవట. తర్వాత పెట్రోలులో ముంచిన తెల్ల కాగితాన్ని మధ్యలో పెట్టి లాగారు. కాగితం మరక లేకుండా వచ్చేదాకా లాగాలి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టారు. క్యామ్‌కు (తిరుగుతూ పాయింట్లను తెరిచే ముక్కకు) ఆనే మడమ దగ్గర గ్రీజు గోటి చివరంత పెడితే చాలు. ఎక్కువైతే వేడికి కరిగి పాయింట్ల మీదికి చేరి మళ్లీ కాలుస్తుంది. అసలు పెట్టకపోతే మడమ అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ (ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడే వేళ) వెనకబడుతుంది. టైమింగ్ వెనకబడ్డ బండి ఘాట్‌లో వేడెక్కిపోయి లాగడం మానేస్తుంది.

గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది. కాబట్టి గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. ఈ వరస తిరగబడితే రెండుసార్లు చేయాల్సి వస్తుంది. ఆ పనిని మేస్త్రి పట్టపగలు, ఏ పరికరమూ లేకుండా మా కళ్లముందు చేసిన తీరు చెప్పి తీరాలి. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, ప్లగ్గు ఊడదీసి, నాలుగో గేరు వేసి వెనక చక్రాన్ని ముందుకు తిప్పారు. ప్లగ్గు రంధ్రం మీద పెట్టిన బొటనవేలిని గాలి తోసిందంటే అది కంప్రెషన్ స్ట్రోకు. సైకిలు చువ్వ రంధ్రంలోకి దించి పిస్టన్ పైకొచ్చే చోటు పట్టుకున్నారు. చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెస్తూ పిస్టన్ చిట్టచివరికి ఇంకా 0.8 మి.మీ. ఉందనగా ఆపారు. అలా ముందుకు తెస్తూనే ఆపాలి, లేకపోతే గేరు పళ్ల వదులు కొలతలో కలిసిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ బిగింపు మరలు వదులు చేసి, పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి మెల్లగా లాగుతూ డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పారు. కాగితం జారిన చోటే పాయింట్లు తెరుచుకునే చోటు. అక్కడ మరలు బిగించారు. కాగితం బదులు, తాళం ఆన్ చేసి, 12 వోల్టుల చిన్న బల్బు ఒక వైరును పాయింట్ల టెర్మినల్‌కు, ఇంకోదాన్ని ఇంజను ఒంటికి పెట్టినా సరిపోతుంది, తెరుచుకోగానే వెలుగుతుంది. ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి చువ్వ కొలతలో కాస్త తేడా వస్తుంది. ఊరు చేరాక ఒకసారి సరిచూసుకోమని ఆయనే చెప్పారు. దారిలో గుర్తు: కిక్కు వెనక్కి తన్నినా, మూడో గేరులో ఎక్కుతుంటే గణగణలాడినా టైమింగ్ ముందుకు జరిగింది. ఎక్కడం మందగించి, సైలెన్సర్ బెండు మరీ కాగిపోతుంటే వెనకబడింది.

బిల్లు అడిగితే కండెన్సర్ డబ్బు మాత్రమే తీసుకున్నారు. ఆ చేతికి వెల కట్టే స్తోమత మాకు లేదు.

బండి ఎలాగూ విప్పారు కాబట్టి మేస్త్రి వాల్వులను తోసే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు కూడా చూశారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ పైచివర, రాడ్డు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆట ఉండకూడదు. మా ఎగ్జాస్ట్ రాడ్డు బిగుసుకుని ఉంది. అలాగే నడిపితే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోయేది.

ఇంకో దండం సీలేరులో మైకు సెట్లు బాగుచేసే తమ్ముడికి. క్లచ్ వైరు లివర్ దగ్గర పోగులు పోగులుగా తెగుతూ వచ్చి ఆఖరికి నిపుల్ (వైరు కొసన ఉండే లోహపు గుండు) ఊడింది. అతను పాత నిపుల్‌ను కాల్చి శుభ్రం చేసి, వైరు కొసను అందులోంచి నాలుగు మి.మీ. బయటికి లాగి, పోగులను చీపురులా విప్పార్చి, ఫ్లక్స్ (టంకం బాగా పట్టేందుకు వాడే మందు) రాసి, టంకం లోపలిదాకా పారేలా పోశాడు. పోగులు విప్పార్చకుండా టంకం పోస్తే రెండు మూడు లాగుళ్లకే జారిపోతుంది. చల్లారాక నీళ్లతో కడిగి నూనె పట్టించాడు, ఫ్లక్స్ మిగిలితే వైరును తింటుంది. మీ బండికి కొత్త క్లచ్ వైరు ఉంటే డిక్కీలో పెట్టుకోకండి. పాత వైరు పక్కనే, అదే దారిలో, రెండు కొసలూ పాలిథిన్‌తో మూసి కట్టేయండి. తెగితే కొసలు మార్చుకోవడమే పని, ట్యాంకు దించక్కర్లేదు.

సీలేరులో రాత్రి బస ఇచ్చిన కుటుంబానికి, వేడి అన్నం, పప్పు పెట్టిన అమ్మకు మా నమస్కారాలు.

ఆ దారిన పాయింట్ల బండి మీద వెళ్లేవాళ్లకు ఒక మాట. చింతపల్లిలోనే ట్యాంకు నింపుకోండి. ఒక కండెన్సర్, ఒక జత పాయింట్లు, రెండు ప్లగ్గులు, గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్, మీటరు పొడవు వైరు, చిన్న బల్బు, సన్నటి ఆకురాయి, ఇవన్నీ ఒక టిఫిన్ డబ్బాలో పడతాయి. బండి ఆపినప్పుడు తాళం కూడా ఆపండి. పాయింట్లు మూసుకున్న చోట ఇంజను ఆగి, తాళం ఆన్‌లో ఉంటే కాయిల్ ఊరికే కాగి చెడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

చింతపల్లి మేస్త్రి దగ్గర రెండు కండెన్సర్లు, ఒక జత బుల్లెట్ పాయింట్లు, ఒక క్లచ్ వైరు మా తరఫున ఉంచి వచ్చాం. అవసరమైతే డబ్బు ఇవ్వకుండా తీసుకోండి. ఇంటికి చేరాక వాటి బదులు కొత్తవి నర్సీపట్నం నుంచి బస్సులో ఆయనకు పంపించండి.