అడవి బాట తేలికో కష్టమో గేటు దగ్గరే చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం.

జూబ్లీహిల్స్‌లో కేబీఆర్, విజయవాడ రోడ్డు పక్కన మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దారిలో మృగవని. హైదరాబాద్‌లో సిటీ బస్సు అందుకునే దూరంలోనే మూడు జాతీయ పార్కులున్నాయి. ఇవి కాక రిజర్వు ఫారెస్టు బ్లాకుల్లో కొంత భాగానికి కంచె వేసి అర్బన్ ఫారెస్టు పార్కులు తెరిచారు. మేడ్చల్ దారిలో కండ్లకోయ, వరంగల్ రోడ్డులో నారపల్లి అలాంటివే. మా చుట్టుపక్కల అడవి దట్టమైంది కాదు, ఎత్తైన కొండలూ లేవు. బలుసు, రేగు, తునికి, మోదుగ కలిసిన పొద అడవి, నడుమ గడ్డి బీడు, రాతి గుండ్లు. అరవై దాటినవాళ్లకు, చంటిపిల్లలున్నవాళ్లకు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఇంతకంటే అనువైన అడవి దొరకదు. అయినా ఎక్కువగా వాళ్లే లోపలికి పోరు. గేటు దాటి ఉయ్యాలల దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. ముందున్న బాట ఎంత దూరమో, ఎక్కడ తేలుతుందో తెలియకపోతే ఎవరు మాత్రం ధైర్యం చేస్తారు?

చాలా గేట్ల దగ్గర బోర్డు ఉంటుంది. దాని మీద జింక బొమ్మ, టికెట్ ధరలు, చేయకూడని పనుల జాబితా ఉంటాయి. నడిచేవాడికి కావలసింది మాత్రం ఉండదు. ఉండాల్సింది ఇంతే: గేటు నుంచి బయల్దేరి మళ్లీ గేటుకు చేర్చే ఒక్కో చుట్టు ఎన్ని కిలోమీటర్లు, బాట మట్టిదా మొరమా బండా, మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లు, మెట్లు ఎన్ని, నీళ్లూ మరుగుదొడ్డీ ఆఖరుసారి ఎక్కడ, అలసిపోతే అడ్డదారిన వెనక్కి రావడం ఏ మలుపు దగ్గర. "2.4 కి.మీ., మొరం, ఎక్కుడు 18 మీటర్లు, మెట్లు లేవు, 900 మీటర్ల దగ్గర అడ్డదారి" అని రాస్తే ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. పట్టే సమయం కూడా రాయాలి గానీ, కుర్రవాళ్ల లెక్కన కాదు. ఫుట్‌పాత్ మీద గంటకు అయిదు కిలోమీటర్లు నడిచే మనిషి మొరం మీద నాలుగే నడుస్తాడు. చేతికర్ర పట్టుకున్నా, పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్లినా రెండున్నరకు మించదు. అంటే పై చుట్టుకు వాళ్లకు గంట పడుతుంది.

దూరాన్ని ఫోనుతో కొలిచి రాయకండి. చెట్ల కింద, వంకర బాటల్లో రెండు ఫోన్లు రెండు లెక్కలు చెబుతాయి. నేల మీద దొర్లించే కొలత చక్రం ఒకటి చాలు. వాలు కొలవడం ఇంకా సులువు. మీటరు పొడవు బద్ద మీద రసమట్టం (మేస్త్రీలు మట్టం చూసే పరికరం) పెట్టి, పై కొస నేలకు ఆనించి, బద్ద మట్టంగా నిలిచినప్పుడు కింది కొసకూ నేలకూ మధ్య సందు చూడాలి. 5 సెంటీమీటర్లలోపు ఉంటే అది అందరూ నడవగల బాట. 8 దగ్గరికి వస్తే చక్రాల కుర్చీకి అదే ఆఖరి హద్దు, అదీ మధ్యమధ్య ఆగడానికి చదును చోటు ఉంటేనే. 10 దాటిన ముక్క ఒక్కటున్నా ఆ చుట్టును తేలిక అనకూడదు. మిగతా రెండు కిలోమీటర్లు చదునుగా ఉన్నాయని సగటు తీసి రాయడం మోసమే, మోకాళ్లు సగటు మీద నడవవు.

బాట పాడయ్యేది నడిచేవాళ్ల వల్ల కంటే నీళ్ల వల్లే ఎక్కువ. వాలు వెంట నిటారుగా వేసిన మొరం బాట మొదటి రెండు పెద్ద వానలకే కాలువవుతుంది. సన్న మట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు తేలతాయి. ఊడ్చిన ఆకుల్ని ఏళ్ల తరబడి అంచునే పోగేయడంతో అవి మట్టితో కలిసి గట్టులా పెరుగుతాయి. బాట మీద పడ్డ నీరు పక్కకు పోయే వీలు లేక దాని వెంటే పరుగెడుతుంది. అందుకని బాటను పల్లం వైపు మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్లు ఒరిగించాలి. వాలున్న చోట బాటకు అడ్డంగా, ఏటవాలుగా రాళ్ల వరస పాతి నీటిని పక్కకు మళ్లించాలి. వాలు పెరిగేకొద్దీ ఈ వరసలు దగ్గర దగ్గరగా ఉండాలి. అసలు పని ఆ తరువాత ఉంది. నీరు బయటికి పోయే నోరు ఆకులతో పూడుకుపోతే రాళ్లున్నా లేనట్టే. జూన్‌కు ముందొకసారి, వానల నడుమ ఒకసారి పారతో తీయాలి.

మొరంలోనూ తేడాలున్నాయి. బంకమట్టి ఎక్కువైతే వానకు బురద, ఇసుక ఎక్కువైతే ఎండకు దుబ్బ. తడిపి పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, చేతికి అంటుకోకూడదు. ఒకేసారి పది సెంటీమీటర్లు పోసి వదిలేస్తే పైన గట్టిపడి లోపల గుల్లగా ఉంటుంది. అయిదేసి సెంటీమీటర్లు రెండు పొరలుగా, ప్రతి పొరకూ నీళ్లు చల్లి రోలరు తిప్పాలి. ఇక పరుపు బండ మీద రాలిన ఇసుక పలుకుల మీద కాలు పడితే గోలీల మీద పడ్డట్టే. పెద్దవాళ్లు ఎక్కువగా జారేది ఎక్కుడు దగ్గర కాదు, ఇలాంటి దిగుడు దగ్గరే. దీనికి టెండరూ అక్కర్లేదు, వారానికోసారి చీపురు చాలు.

సిమెంటు టైల్స్ మీద ఎందుకంత మోజో తెలియదు. గేటు నుంచి మొదటి రెండు మూడు వందల మీటర్లు చక్రాల కుర్చీల కోసం వేస్తే మేలే. అడవి మధ్య వేస్తే వేళ్లు పెరిగి పైకి లేస్తాయి, అంచులు కుంగుతాయి, వానాకాలం చెట్టు నీడన పాచి పడుతుంది. లేచిన టైలు అంచు తగిలి పడితే తగిలే దెబ్బ మట్టి బాటలో తగలదు. అన్నట్టు, ఆ కుర్చీ ముందు గేటు దాటాలి కదా. తిరుగుడు గేటు పక్కన 90 సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే లోపల ఎంత బాట వేసినా దండగే.

పొదల విషయంలో రెండు తప్పులు జరుగుతున్నాయి. ఒకటి, అసలు కొట్టకపోవడం. రెండోది, జేసీబీ పెట్టి ఇరువైపులా మూడు మీటర్లు బోడి చేయడం. ఎండ పడగానే ఆ ఖాళీలో మొదట మొలిచేవి లంటానా, వయ్యారిభామ లాంటి కలుపు మొక్కలే. పాము కనిపించడానికి బాటకు చెరో పక్క అరవై సెంటీమీటర్లు, తలకు తగలకుండా రెండున్నర మీటర్ల ఎత్తు చాలు. లంటానాను నేల మీద నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాయ పండకముందే, నేలకు కాస్త కిందగా వేరు తెగ్గొట్టి తలకిందులుగా పెట్టి ఎండబెట్టాలి. సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టి అక్కడే వదిలేస్తే ముళ్లు చెప్పుల్లోంచి దిగుతాయి.

కొత్త బాటలు వేయమని అడగడం లేదు. జాతీయ పార్కుల్లో వేయనూ కూడదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అవి ముందు జింకలకు, తరువాతే మనకు. ఉన్న గస్తీ బండిబాటలు, మంటలు పాకకుండా ఏటా శుభ్రం చేసే ఫైర్ లైన్లలో ఎక్కడ జనాన్ని అనుమతిస్తారో అక్కడే గుర్తులు పెట్టమంటున్నాం. ఫైర్ లైన్లో రెండంగుళాల మోళ్లు మిగలకుండా నేల మట్టానికి కొట్టించాలి. ఎండాకులు పేరుకునే నెలల్లో కొన్ని మూసేస్తామంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూసినట్టు గేటు దగ్గరే రాస్తే చాలు.

ఇక దూరం రాళ్ల సంగతి. ప్రతి 250 మీటర్లకు నంబరు రాసిన రాయి కావాలి, రెండు వైపులా చదివేలా. 108కి ఫోన్ చేసి "అడవిలో ఉన్నాం" అంటే అంబులెన్సు ఏ గేటుకు రావాలి? "రెండో గేటు, ఏడో రాయి" అంటే గార్డుకూ అర్థమవుతుంది. ఆ గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా ముందే తేల్చుకోవాలి. పాము కాటైతే కోయడం, బిగించి కట్టడం వద్దని, కాలు కదపకుండా ఆసుపత్రికి చేర్చాలని బోర్డు అడుగున ఒక్క వాక్యం రాయండి.

తెరిచే వేళల మీదా ఒక మాట. హైదరాబాద్‌లో జనవరి మొదట్లో సూర్యోదయం 6.45 ప్రాంతంలో, మే చివర 5.40కే. ఏడాదంతా ఒకే వేళ పెడితే చలికాలం చీకట్లో నడవాలి, వేసవిలో చల్లటి గంట పోగొట్టుకోవాలి.

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు, ఈ పొద అడవికి ఇంతమంది ఉన్నారా అని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. రోజూ నడిచేవాళ్లుంటే అలాంటి నేలను బీడు అని కొట్టిపారేయడం ఎవరికైనా కష్టం. అటవీ శాఖ ముందు ఒక్క పార్కు, ఒక్క చుట్టు తీసుకోవాలి. కొలత చక్రం, రసమట్టం, పెయింటు డబ్బాతో ఇద్దరికి ఒక పూట పని. మే నెలాఖరుకు బోర్డు పెట్టి, తొలి వాన పడ్డాక అదే చుట్టు మళ్లీ నడిచి, నీళ్లు ఎక్కడ నిలిచాయో గుర్తు పెట్టుకుంటే తరువాతి పార్కుకు అంచనా తయారవుతుంది.

ఇట్లు,
కొందరు పాఠకులు,
వనస్థలిపురం, హైదరాబాద్