చెల్లు రాస్తే డిక్రీకి గడువు పెరగదు

సంపాదకులకు నమస్కారం.

దేశవ్యాప్తంగా డిక్రీలను (దావా తేల్చి కోర్టు ఇచ్చే ఉత్తర్వులను) అమలు చేయించమని వేసిన దరఖాస్తులు (ఈపీలు) 8.82 లక్షలు పెండింగులో ఉన్నాయని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందు లెక్క తేలింది. కోర్టుల జాప్యం మీద అప్పుడు చాలా చర్చ జరిగింది, జరగాల్సిందే. అయితే ఈపీ దాకా రాకుండానే కాలదోషం పట్టిపోయే డిక్రీలు ఈ లెక్కలో కనపడవు. దానికి చాలావరకు కారణం ప్రోనోటు అలవాటు.

ప్రోనోటుకు మూడేళ్లే గడువని మన ఊళ్లలో చదువురాని వాళ్లకూ తెలుసు. గడువు దాటకముందే ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటే మళ్లీ మూడేళ్లు వస్తాయి. 1963 నాటి లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ఇచ్చిన వెసులుబాటు ఇది. చిక్కేమిటంటే, దావా గెలిచి డిక్రీ చేతికొచ్చాక కూడా అదే పద్ధతి నడుపుతారు. ఏడాదికో రెండేళ్లకో పదివేలు తీసుకోవడం, కాగితం మీద సంతకం పెట్టించుకోవడం, గడువు పెరిగిందని నిశ్చింతగా ఉండడం. పెరగదు. డిక్రీ కింద రావలసిన సొమ్ము ఇక్కడ ‘అప్పు’ కిందకు రాదని అదే 19వ సెక్షన్ వివరణ చెబుతోంది. బాకీ ఒప్పుకుంటూ రాసిచ్చే కాగితాలకు వర్తించే 18వ సెక్షన్ కూడా డిక్రీ అమలుకు పనికిరాదు. ఆలస్యాన్ని మన్నించమని 5వ సెక్షన్ కింద అడుగుదామా అంటే, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 21 కింద వేసే అమలు దరఖాస్తులను ఆ సెక్షన్ నుంచి మినహాయించారు.

డబ్బు డిక్రీ అమలుకు లిమిటేషన్ చట్టం 136వ ఆర్టికల్ కింద ఉన్నది పన్నెండేళ్లు, అంతే. దాన్ని తీర్పు తేదీ నుంచి లెక్కించాలి. నకలు ఆలస్యంగా వచ్చిందనో, స్టాంపు కాగితం మీద డిక్రీ తయారయ్యేసరికి నెలలు పట్టిందనో వాదిస్తే నిలవదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది. వాయిదాల్లో కట్టమన్న డిక్రీ అయితే ఏ వాయిదా తప్పితే ఆ వాయిదాకు ఆ రోజు నుంచే లెక్క. అవతలివాళ్లు అప్పీలు వేశారు కదా అని ఆగిపోవడం ఇంకో పొరపాటు. స్టే లేకపోతే అమలుకు అడ్డేమీ లేదు. స్టే ఉన్న కాలాన్ని మాత్రం 15వ సెక్షన్ కింద మినహాయిస్తారు. అప్పీలు విచారించి పైకోర్టు డిక్రీ ఇస్తే, లెక్క ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది.

కోర్టు బయట చేతులు మారే డబ్బుతో బాకీదారుకూ ముప్పే. ఆర్డర్ 21 రూల్ 2 ప్రకారం ఆ చెల్లింపును కోర్టులో నమోదు చేయించాలి. డిక్రీదారు చేయించకపోతే బాకీదారు 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు పరిగణించదు. రెండు లక్షలు కట్టిన మనిషి మీదే మొత్తం బాకీకి ఈపీ వస్తే, చేతిలోని రసీదు అక్కడ అక్కరకు రాదు.

పన్నెండేళ్లు చాలవు, పెంచాలనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆస్తి చేతులు మారేది తొలి రెండు మూడేళ్లలోనే. డిక్రీ అయి రెండేళ్లు దాటితే అదే ఆర్డర్ 21లోని రూల్ 22 కింద ముందు నోటీసు ఇవ్వాలి, అంటే సర్దుకోవడానికి మనమే బాకీదారుకు సమయం ఇచ్చినట్టు. జీతం జప్తుదీ ఇదే తీరు. మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. లెక్కలోకి వచ్చే జీతం 31,000 అయితే నెలకు 10,000 దొరుకుతుంది. ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలు దాటి జప్తు సాగదు కాబట్టి 2.4 లక్షలతో ఆగిపోతుంది. ఐదు లక్షల డిక్రీ ఉన్నవాళ్లు మిగతాదానికి స్థిరాస్తి వెతుక్కోవలసిందే. పదకొండో ఏట వెతికితే ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కొత్త పేర్లు కనిపిస్తాయి.

ఈపీ వేసేటప్పుడు సర్వే నంబరు, హద్దులు సరిగా ఇవ్వకపోతే వెనక్కి వస్తుంది. ఆస్తులేమిటో తెలియకపోతే రూల్ 41 కింద బాకీదారు చేతే అఫిడవిట్ దాఖలు చేయించమని అడగవచ్చు. ఈ రూలును మనవైపు చాలా తక్కువగా వాడుతున్నారు. వాయిదాకు హాజరుకాక ఈపీ కొట్టేస్తే మళ్లీ వేయవచ్చు, కానీ అది కూడా ఆ పన్నెండేళ్ల లోపే. జప్తు కొనసాగుతుందని కోర్టు ప్రత్యేకంగా చెప్పకపోతే, ఈపీతో పాటే జప్తూ పోతుంది (రూల్ 57).

ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. దాని అమలుకు ఏళ్లు పడితే పట్టనీ, డిక్రీ నకలు అడుగున రెండు వాక్యాలు అచ్చు వేయించడానికి ఏళ్లు అక్కర్లేదు: అమలుకు ఆఖరి తేదీ ఏది, బయట కట్టిన సొమ్మును ఎక్కడ నమోదు చేయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులూ ఈ పని తెలుగులో చేయిస్తే బాగుంటుంది. న్యాయ సేవాధికార సంస్థలు లోక్ అదాలత్ అవార్డులతోనే మొదలుపెట్టవచ్చు, అవీ డిక్రీలతో సమానమే కదా.

- ఒక న్యాయవాది, తెనాలి