మైదానం ఊరిది, క్లబ్బు సభ్యులది

సంపాదకుడు గారికి,

నమస్కారం. గోల్ఫ్ మైదానాలకు ప్రభుత్వ భూములు కేటాయించే విషయం చర్చకు వచ్చిన ప్రతిసారీ మన దగ్గర రెండు వాదనలే వినిపిస్తాయి. ఈ ఆట పుట్టుకతోనే సంపన్నులది కనుక భూములు వెనక్కి తీసుకోవాలని ఒక పక్షం అంటుంది. మంచి మైదానం కావాలంటే ప్రహరీ, గేటు, సభ్యత్వ రుసుము తప్పవని రెండో పక్షం అంటుంది. గోల్ఫ్‌కు పుట్టినిల్లుగా లోకం చెప్పుకునే సెయింట్ ఆండ్రూస్ చరిత్ర ఈ రెండింటినీ బలపరచదు. స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణం గురించి నాలుగు మాటలు రాయడానికి అనుమతించగలరు.

ఆట పుట్టుక సంగతి ముందు చూద్దాం. రెండవ జేమ్స్ రాజు కాలంలో, 1457లో, స్కాట్లండ్ పార్లమెంటు ఫుట్‌బాల్‌తో పాటు గోల్ఫ్‌నూ నిషేధించింది. జనం విలువిద్య సాధన మానేసి వీటి వెంట పడుతున్నారన్నది అప్పటి పాలకుల బాధ. పిడికెడు మంది ప్రభువులు మాత్రమే ఆడే ఆటకు అలాంటి శాసనం అవసరం ఉండేది కాదు. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రంలో, తీరంలోని ఇసుక నేలలో కుందేళ్లు పెంచుకునే హక్కు తనకు ఉన్నా, అక్కడ గోల్ఫ్, ఫుట్‌బాల్ వంటి ఆటలు ఆడుకునే హక్కు పట్టణ ప్రజలదేనని రాసి ఉంది. క్లబ్బు అన్నది అప్పటికి ఇంకా లేదు. కొందరు ప్రభువులు, పెద్దమనుషులు కలిసి సెయింట్ ఆండ్రూస్ గోల్ఫర్ల సంఘాన్ని స్థాపించింది 1754లో. నాలుగవ విలియం రాజు దానికి ‘రాయల్ అండ్ ఏన్షియంట్’ అనే బిరుదు ఇచ్చింది 1834లో. ఆట ఆడే నేలపై ఊరి హక్కు రాతపూర్వకంగా నమోదైన రెండు వందల ఏళ్ల తరువాత గానీ క్లబ్బు పుట్టలేదన్నమాట.

ఆ హక్కు నిలబడడం మాత్రం అంత సులువుగా జరగలేదు. 1797 నాటికి పట్టణ సభ అప్పుల్లో మునిగిపోయి తీరభూమిని అమ్ముకునే స్థితికి వచ్చింది. రెండేళ్లలో ఆ నేల కుందేళ్ల వ్యాపారం చేసే డెంప్‌స్టర్ కుటుంబం చేతికి చేరింది. కుందేళ్లు నేలంతా బొరియలు తవ్వేయడంతో ఆటగాళ్లు కోర్టుకెక్కారు, పట్టణవాసులు కుందేళ్లను వేటాడారు, వ్యాజ్యం లండన్‌లోని ప్రభువుల సభ దాకా వెళ్లింది. సుమారు రెండు దశాబ్దాలు సాగిన ఈ రగడను తీర్పుల కన్నా డబ్బే చల్లార్చింది. 1821లో పొరుగున ఉన్న స్ట్రాథైరమ్ భూస్వామి జేమ్స్ చీప్ ఆ నేలను కొని గోల్ఫ్‌కు మిగిల్చాడు. ఖజానా ఖాళీ అయినప్పుడు స్థానిక సంస్థలు ముందుగా ఊరుమ్మడి భూమి మీదే చెయ్యి వేస్తాయన్న సంగతి మన పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

చివరకు 1894లో పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ద్వారా తీరభూమి మళ్లీ పట్టణ సభ సొత్తయింది. అంతకు ముందే ఆట సామాన్యులకు మరింత చేరువ కావడానికి మరో కారణం కూడా ఉంది. తోలు సంచిలో ఈకలు కూరి చేసే పాత బంతి చాలా ఖరీదైనది. 1848 ప్రాంతంలో మలయా చెట్ల జిగురుతో చేసే గట్టాపెర్చా బంతి వచ్చాక చేతివృత్తుల వారికీ అది అందుబాటులోకి వచ్చింది. పెద్దల క్లబ్బు పక్కనే 1843లో చేతిపనివారు స్థాపించుకున్న క్లబ్బు నేటికీ అదే మైదానంలో ఆడుతోంది.

మొదటి గుంటకు బంతి కొట్టే చోటు వెనుకనే రాయల్ అండ్ ఏన్షియంట్ వారి 1854 నాటి రాతి భవనం ఉండడంతో మైదానం వారిదేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. స్థానిక పాలన పునర్వ్యవస్థీకరణ సమయంలో 1974లో చట్టం ద్వారా ఏర్పడిన ట్రస్టు ఆ నేలను ప్రజల తరఫున నిర్వహిస్తోంది. నేడు ఓల్డ్ కోర్సు అని పిలిచే ఆ పాత మైదానంతో కలిపి అక్కడ ఏడు మైదానాలు ఉన్నాయి. ఓల్డ్ కోర్సులో ఆడదలచిన వారు ముందుగా పేరు ఇస్తే లాటరీ తీసి సమయం కేటాయిస్తారు. కొన్ని ప్రత్యేక పోటీల రోజులు మినహా ఆదివారం అక్కడ ఆట ఉండదు. ఆ రోజు ఊరివారు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికమీదే షికారు చేస్తారు. బయటివారి దగ్గర సీజన్‌లో ఒక్క ఆటకు మూడు వందల పౌండ్లకు పైగా వసూలు చేస్తారన్నదీ, స్థానికులకు ఏడాది టిక్కెట్టు అతి తక్కువ ధరకు దొరుకుతుందన్నదీ కలిపి చూడాలి.

అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నది 2014 సెప్టెంబరులో, అంటే స్థాపించిన 260 ఏళ్లకు. సిగ్గుపడవలసిన ఆలస్యమే అది. అయినా అదే తీరభూమిలో 1867లోనే మహిళల క్లబ్బు ఏర్పడింది. నేల క్లబ్బు చేతిలోనే ఉండి ఉంటే ఆ అవకాశం దొరికేదా అని ఆలోచించండి.

హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిలా ప్రాంగణంలో గోల్ఫ్ మైదానం, ప్రాచీన కట్టడాలు, హాథియాన్ కా ఝాడ్ అనే మహావృక్షం ఒకే చోట ఉన్నాయి. అటువంటి చోట్ల మైదానం ఉండాలా వద్దా అన్న వాదన కంటే, ఏ షరతులపై ఉండాలన్న ప్రశ్న నాకు ముఖ్యంగా తోస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ గోల్ఫ్ కోసం ఇచ్చిన ప్రతి ప్రభుత్వ భూమి లీజు పత్రాన్నీ గడువు, అద్దె సహా ప్రజల ముందుంచాలి. గడువు తీరిన ఒప్పందాలను పొడిగించే ముందు, సభ్యులు కాని స్థానికులకు రోజూ కొంత ఆట సమయం, వారానికి ఒక రోజు అందరికీ ఉచిత ప్రవేశం అనే రెండు నిబంధనలను వాటిలో చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్