ఆరు లంగా ఓణీలు, రెండు రకాల పచ్చలు: మీ కంపెనీ మీద నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ వాళ్ళకి, గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్తే అండీ. నెల్లూరు జిల్లా కావలి నుంచి రాస్తా ఉండా. మా చెల్లెలి పెళ్ళికి మీ దగ్గర ఆరు లంగా ఓణీ సెట్లు ఆర్డర్ పెట్టినాం, ఒక్కోటి 4,200, మొత్తం 25,200 రూపాయలు ముందే కట్టేసినాం. చాట్‌లో మూడు సార్లు చెప్పుకున్నా, ప్రతిసారీ కొత్త మనిషి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటారు, అందుకే అంతా ఒకచోట రాస్తా ఉండా.

మా అమ్మ వాళ్ళ కాలంలో తోడి పెళ్లికూతురంటే పక్కన కూర్చునే చిన్నపిల్ల ఒక్కతే. ఇప్పుడు అక్కచెల్లెళ్ళు, మేనత్త కూతుళ్ళు, ఫ్రెండ్సు అందరూ ఒకే రంగు కట్టుకుని పెళ్లికూతుర్ని మండపంలోకి తీసుకొస్తా ఉండారు కదా, మా చెల్లికి చిన్నప్పటి నుంచీ అదే ఆశ. నెల్లూరులో చిన్నబజారు, స్టోన్‌హౌస్‌పేట రెండు రోజులు తిరిగినాం, గుడ్డలు బాగుండాయి గానీ ఆరుగురికి సరిపడా ఒకే రంగు ఒక్క షాపులో దొరకలా. వెంకటగిరి చీరలు తీసుకుని లంగాలు కుట్టిద్దాం, పెళ్ళయినాక విప్పుకుంటే ఎవరి చీర వాళ్ళకి మిగులుద్ది అని అమ్మ అన్నది. కానీ ఒకమ్మాయి ఒంగోలు, ఒకమ్మాయి ఉదయగిరి, ఇద్దరు హైదరాబాదు, వీళ్ళందర్నీ కొలతలకి ఒక టైలర్ దగ్గరికి రప్పించేదెట్ట? సరిగ్గా అప్పుడే మీ యాడ్ కనపడింది. ఆరూ ఒకే రంగు గ్యారంటీ అన్నారు, కొలతలు పంపితే కుట్టి ఇస్తామన్నారు, అన్నిటికన్నా ముఖ్యంగా పెళ్ళయిన 30 రోజుల్లో డ్రై క్లీనింగ్ చేయించి పంపితే 40 శాతం డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. ఆ ఆఖరి మాట చూసే నేను ఒప్పుకున్నా, ఎందుకంటే ఒక్కపూట కట్టుకునే దానికి 4,200 పెట్టమని ఫ్రెండ్సుని అడగాలంటే నాకు మనసొప్పలా.

బాక్సు పెళ్ళికి నాలుగు రోజుల ముందు వచ్చింది. రాత్రి ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకేలాగ కనపడినాయి. పొద్దున్నే మిద్దె మీదకి తీసుకుపోయి ఎండలో పరిచి చూస్తే నాలుగు ఓణీలు చిలకపచ్చ, రెండు పాచిపచ్చ. ఓణీలే కాదు, ఆ రెండిటి లంగాలు కూడా అంతే. బోర్డరు ఒకటే, బుటా ఒకటే, రంగు మాత్రం వేరే. మా ఊళ్ళో గుడ్డల షాపాయనకి చూపిస్తే రెండు వేరు వేరు లాట్లమ్మా, అద్దకం ఒకసారిది కాదు అన్నాడు. ఒకే పెళ్ళికి వెళ్ళే ఆరు సెట్లు ఒకే లాట్‌లో కత్తిరించాలని మీకు తెలీకుండా ఉంటుందా?

ఇక జాకెట్లు. నేను ఫోటో తీసి మరీ పంపిన కొలతలు ఒకటైతే, మీరు కుట్టింది ఇంకొకటి. ఉదయగిరి అమ్మాయికి చెయ్యి మోచేతి పైకి ఎక్కలా. కుట్టు విప్పుదామంటే లోపల అర ఇంచి గుడ్డ కూడా వదల్లేదు, మా టైలరమ్మ రాత్రంతా కూర్చుని చంకల కింద వేరే గుడ్డ అతికించి ఇచ్చింది. మూడు జాకెట్లకి 1,200 అయింది. జొన్నవాడ కామాక్షమ్మ గుడి దగ్గర పెళ్ళి, శ్రావణమైనా ఒకటే ఉక్క, ఆ గుడ్డలో పిల్లలు చెమటతో తడిసిపోయినారు. పాచిపచ్చ వచ్చిన ఇద్దరూ ప్రతి ఫోటోకి తమంతట తామే వెనక్కి పోయి నిలబడినారండీ. ఏమీ అన్లేదు వాళ్ళు, నేను చూసినా.

పెళ్ళయినాక అన్నీ డ్రై క్లీనింగ్ చేయించి, 12వ రోజు ఫోటోలతో మీకు రాస్తే, జాకెట్లు మార్పు చేసినారు కాబట్టి ఒక్క సెట్టు కూడా వెనక్కి తీసుకోం అని జవాబు. మార్చింది మూడు జాకెట్లు, అదీ మీరు తప్పు కొలతకి కుట్టినందుకు. లంగాలు, ఓణీలు మేం ముట్టుకోలా.

పోనీ వేరే విధంగా వాడుకుందామన్నా వీలు కావట్లా. లంగాలు కత్తిరించి పిల్లలకి పావడాలు కుట్టిద్దామంటే కత్తెర పెట్టగానే పోగులు జలజలా ఊడొస్తా ఉండాయి. మా పక్కింటి పాపకి ఓణీల ఫంక్షన్, ఒక సెట్టు ఇద్దామనుకున్నా, కానీ దీపాల దగ్గర కూర్చునే బిడ్డకి ఆ గుడ్డ ఇవ్వాలంటే భయమేసింది. ఎందుకో చెప్తా. మీ లేబుల్ మీద పట్టు మిక్స్ అని ఉంది. ఓణీ అంచు నుంచి అడ్డం పోగు ఒకటి, నిలువు పోగు ఒకటి లాగి ప్లేటులో పెట్టి అంటించినా. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసనొచ్చి బూడిద వేళ్ళ మధ్య నలిగిపోవాలి. రెండు పోగులూ కరిగి ముడుచుకుని నల్లటి గట్టి పూసలైనాయి, గోటితో నొక్కినా నలగలా. అది పాలిస్టర్ తీరు. అమ్మ పాత చీరలతో బొంతలు కుడుతుంది, ఇవి చూసి చెమట పీల్చని గుడ్డ బొంతకి కూడా పనికి రాదు అని పక్కన పెట్టేసింది.

నేను అడిగేది ఇది. రంగు తేడా వచ్చిన రెండు సెట్లకి పూర్తి డబ్బు 8,400. మిగతా నాలుగిటికి మీరు చెప్పిన 40 శాతం, అంటే 6,720. టైలర్ ఖర్చు 1,200. మొత్తం 16,320 రూపాయలు. దాంతోపాటు ఆ గుడ్డలో ఏముందో రాతపూర్వకంగా చెప్పండి, లేబుల్ సరిచేయండి, ఇంకో పెళ్ళివాళ్ళకి ఇట్ట జరగకూడదు.

2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. చూపించిన దానికి తేడాగా వచ్చిన సరుకు వెనక్కి తీసుకోనని అనడానికి కూడా వీల్లేదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేస్తా, ఆ తర్వాత నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే చోటే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు.

ఆరు సెట్లూ, బిల్లూ, కొలతల ఫోటో, ఎండలో తీసిన ఫోటోలు, ఆ కాలిన పూసలు ఒక కవర్లో, అన్నీ మా ఇంట్లోనే ఉండాయి. మీ మనిషిని పంపండి, పగలు రమ్మనండి, మిద్దె మీద పరిచి చూపిస్తా.

ఇట్లు,
పెళ్లికూతురి అక్క, కావలి