2023-24 వార్షిక నివేదిక: మన ఆటల సంఘంలో ఓడల సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం.

ఎన్ని సమావేశాలు పెట్టాం, ఎవరెవరు వచ్చారు అన్న లెక్కతో నివేదిక మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఆ లెక్క హాజరు పుస్తకంలో ఉంది. పుస్తకం తడిసింది గానీ చదవడానికి వీలుగానే ఉంది, కావలసినవాళ్లు చూసుకోవచ్చు. నెలకు రెండు ఆదివారాలు చెన్నై వేళచ్చేరిలోని మన గదిలో ఆట నడిచింది, డిసెంబరులో తప్ప. ఈ ఏడాది మనం చేసిన అసలు పని ఓడలు. అందుకని ఈ నివేదికలో ముప్పాతిక వంతు ఓడల గురించే ఉంటుంది. క్యారమ్స్, చదరంగం ఆడేవాళ్లు నొచ్చుకోవద్దు, మీ పోటీలు రెండూ ఏ గొడవా లేకుండా జరిగాయి. గొడవ లేనిచోట రాయడానికి నాకేం దొరుకుతుంది చెప్పండి.

కొత్తగా చేరిన కుటుంబాల కోసం రెండు మాటలు. మా గుంపు ఆడేది రోల్ ప్లేయింగ్ గేమ్. ఒకరు కథ నడిపిస్తారు, ఆయన గేమ్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. పాత్ర తలపెట్టిన పని నెరవేరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఈ తరహా ఆటలకు ఆద్యమైన డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చారు. అంతకు ముందు వాళ్లిద్దరూ మరొకరితో కలిసి తయారుచేసింది తెరచాప ఓడల యుద్ధాల ఆట. కాబట్టి "ఈ ఆటకూ ఓడలకూ ఏం సంబంధం" అని పోయిన సర్వసభ్య సమావేశంలో అడిగిన మిత్రుడికి జవాబు: సంబంధం పుట్టుకనాటిదే.

బల్ల మీద గళ్లు గీసి ఉంటాయి. గడి ఒక అంగుళం. ఆటలో అది 5 అడుగులు. అంటే లెక్క ప్రకారం 1:60. మనుషుల బొమ్మలు 28 మిల్లీమీటర్లవి. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, ఏడాది పొడుగునా మన తగాదాలన్నీ వీటి చుట్టూనే తిరిగాయి.

మే నెలలో మన గేమ్ మాస్టర్ కొత్త కథ ప్రకటించారు. ఊరు మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లా తీరం, కాకతీయుల రేవు. అంతకుముందు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా బలవంతంగా లాగేసుకునేవారు. ఆ పద్ధతి మానేశామని, నిర్ణీతమైన సుంకం తప్ప ఇంకేమీ ముట్టబోమని 1244లో గణపతిదేవుడు వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు... సరుకుల జాబితా కూడా అందులోనే ఉంది. గేమ్ మాస్టర్‌కి ఇంకేం కావాలి? శాసనం చెక్కి పట్టుమని పది రోజులు కాలేదు, ఒక ఓడ ఇసుకలో కూరుకుంది. రాజుగారి మాట రేవు అధికారి చెవికెక్కుతుందా? పాత అలవాటు మానుకోలేని ఊరివాళ్లు అర్ధరాత్రి గోనెసంచులతో దిగుతారా? కథ విన్నాక ఓడ ఎలాగా అన్న ప్రశ్న వచ్చింది. కాగితం మీద ఓడ బొమ్మ గీసి ఆడదామంటే పిల్లలెవరూ ఒప్పుకోలేదు.

అప్పుడు పెరంబూరు పెద్దాయన తన ఇంట్లో అద్దాల పెట్టెలో ఉన్న కట్టీ సార్క్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి సంఘానికిచ్చారు. ఐసీఎఫ్ రైలు పెట్టెల కర్మాగారంలో చేసినన్నాళ్లూ రాత్రిళ్లు కూర్చుని అతికించిన ప్లాస్టిక్ నమూనా అది. 1869లో నీళ్లలోకి దిగి, చైనా నుంచి తేయాకు మోసిన అసలు ఓడ ఇప్పుడు లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉంది. మన దగ్గరికి వచ్చిన నమూనా 1:96.

అందం సంగతి చెప్పక్కర్లేదు. ఆటకు మాత్రం అది పనికిరాలేదు, దాపరికం లేకుండా చెబుతున్నాను. 1:96లో ఆరడుగుల తలుపు 19 మిల్లీమీటర్లు. మన బొమ్మ దాని ముందు నిలబడితే తలుపు ఛాతీ దాకా వస్తుంది, మేకల దొడ్డి వాకిట్లో భీముడిలాగా. అసలు ఓడ వెడల్పే 36 అడుగులు, నమూనాలో నాలుగున్నర అంగుళాలు. నలుగురు కత్తులు తీస్తే అయిదోవాడికి చోటుండదు. అన్నిటికన్నా పెద్ద అడ్డు మోకులు. తెరచాపలు కట్టే మూడు కొయ్యల నుంచి రెండు పక్కలకీ సాలెగూడులా దిగే దారాల మధ్య బొమ్మను పెట్టబోయి మన కోశాధికారి చొక్కా కఫ్ తగిలించుకున్నారు. పది నిమిషాలు అలాగే వంగి నిలబడ్డారు. చివరికి వాళ్లావిడ వచ్చి విడిపించారు.

జూన్‌లో రెండు వర్గాలయ్యాం. దారాలు తీసేసి, కొయ్యలు నరికి, డెక్ ఖాళీ చేస్తే వాడుకోవచ్చు కదా అని ఒక వర్గం. పెద్దాయన కళ్లెదుట ఆ పని ఎలా చేస్తామని రెండో వర్గం. నేను రెండో వర్గం, దాచడమెందుకు. "ఓడను ఎవరూ ముట్టరాదు" అని మినిట్స్‌లో రాసుకుని, పెట్టెతో సహా కింది అరలో పెట్టాం. ఆ కింది అర మాట మళ్లీ వస్తుంది.

సొంతంగా కట్టుకోవడమే మిగిలింది. 1:72లో జ్వెజ్దా, రెవెల్ కంపెనీల సముద్రపు దొంగల ఓడలు దొరుకుతాయి. ఆరడుగుల తలుపు అందులో అంగుళం ఉంటుంది కాబట్టి కంటికి తేడా తెలీదు. అయితే దిగుమతి సరుకు ధర విని మన కోశాధికారి మళ్లీ పది నిమిషాలు వంగిపోయారు. పైగా మోటుపల్లికి కరీబియన్ ఓడ ఏమిటని గేమ్ మాస్టర్ పట్టుబట్టారు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది కదా, దాని పోలికలో చేద్దామని తీర్మానమైంది. శాతవాహనులకూ కాకతీయులకూ మధ్య వెయ్యేళ్లున్నాయని ఒక పదో తరగతి పిల్ల గుర్తుచేసింది. ఆ అభ్యంతరం మినిట్స్‌లో నమోదైంది.

జూలై నుంచి అక్టోబరు దాకా ఆదివారాలు వడ్రంగం. ఒక ఆదివారం పొద్దున్నే కాశీమేడు చేపల రేవుకి వెళ్లాం. నమూనాల్లో డెక్ అద్దంలా ఖాళీగా ఉంటుంది. నిజం పడవలో కాలు పెట్టడానికి చోటుండదని అక్కడ చూశాం. వలల కుప్పలు, ఐసు పెట్టెలు, చుట్టలు చుట్టిన తాళ్లు, ఒక మూల వంట గిన్నెలు. ఆటలో ఇవన్నీ నక్కి దాక్కోవడానికి చాటు. తిరిగొచ్చాక మా డెక్‌కి ముందు సామాన్లు చేసుకుని, తర్వాతే గోడలు కట్టాం.

మా ఓడ టిఫిన్ క్యారియర్ లాంటిది. పై డెక్ ఎత్తితే కింద ఓడవాళ్లు పడుకునే చోటు, దాన్ని ఎత్తితే అడుగున సరుకుల కొట్టు. ఆటగాళ్లు మెట్లు దిగితే పై గిన్నె తీసి పక్కన పెట్టడమే. గోడలు మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్, పలకలు ఐస్‌క్రీం పుల్లలు. డెక్ కింద నూనె డబ్బా రేకు అతికించాం, బొమ్మల కాళ్ల కింద సన్న అయస్కాంతాలు. ఓడను వాల్చినా బొమ్మలు జారవు. కొయ్యలు కూడా అయస్కాంతాలతోనే నిలబడతాయి. మనిషి చెయ్యి రావలసినప్పుడు పీకి పక్కన పెట్టొచ్చు. మొదటిసారి పెద్ద కొయ్యకి అయస్కాంతం తలకిందులుగా అతికించారు ఎవరో (ఎవరో అందరికీ తెలుసు). నిలబెట్టినప్పుడల్లా అది ఎగిరి బల్ల అవతల పడేది. రెండు వారాలు దాన్ని దయ్యం పట్టిన కొయ్య అన్నారు. తెరచాపలకు మా అత్తగారి దగ్గర అడిగి తెచ్చిన పాత పంచె. కాఫీ డికాషన్‌లో నానబెట్టి ఎండేస్తే సముద్రం ఎండకు మాగిన రంగొచ్చింది. రెండో డికాషన్ చాలు, మొదటిది తాగండి.

వెడల్పు విషయంలో మోసం చేశాం. నార్వేలో 1880లో తవ్వితీసిన గోక్‌స్టాడ్ అనే పాతకాలపు ఓడ పొడవు 24 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు అయిదు మీటర్లు. గళ్లలో పొడవు పదిహేను, వెడల్పు మూడు. మూడు గళ్లలో కత్తియుద్ధమంటే సిటీ బస్సులో మెట్ల దగ్గర తోపులాటే. మా ఓడకు ఎనిమిది గళ్ల వెడల్పు పెట్టాం. నీళ్లలో వేస్తే తేలుతుందా అని అడక్కండి. నమూనా చూడ్డానికి చేసేది, ఇది వేళ్లు పెట్టడానికి చేసేది. ఈ తేడా తెలియడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

సముద్రం మాత్రం చెడింది. థర్మాకోల్ పలక మీద అలలు చెక్కి, నీలం స్ప్రే కొట్టారు మన కాలేజీ తమ్ముళ్లు. స్ప్రేలోని ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుంది. చూస్తుండగానే అలలు కుంగి, ఉడికిన అటుకుల్లా ముద్దయ్యాయి. రెండోసారి ముందు ఫెవికాల్ పూత, ఆరాక బ్రష్షుతో నీళ్ల రంగు. సభ్యులెవరైనా ఇంట్లో చేయబోతే ఈ వరస తప్పకండి, కిటికీలు తెరిచి పెట్టుకోండి.

ఓడతో పాటు ఒక మసూలా పడవ కూడా చేశాం. మద్రాసుకు హార్బరు లేని రోజుల్లో ఓడలు దూరంగా లంగరేస్తే, అలలు దాటించి మనుషుల్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. మేకులు ఉండవు, పలకలను కొబ్బరి తాడుతో కుడతారు. అల కొట్టినప్పుడు పడవ కాస్త వంగి దెబ్బ ఓర్చుకుంటుంది. మా చిన్న పడవను ఆరు గళ్ల పొడవున, నిజంగానే గోనెపట్టా సూదితో కుట్టింది పెరంబూరు పెద్దాయనే. ఏడాది మొత్తంలో నాకు నచ్చిన వస్తువు అదే.

ఇక డిసెంబరు. మిగ్‌జాం తుపాను 3, 4 తేదీల్లో మన ఊరిని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. గదిలో మోకాలి లోతు నీళ్లు. కొత్త ఓడ పై అరలో ఉండి బతికింది. కింది అరలోని అద్దాల పెట్టె బోర్లాపడింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే మూడు కొయ్యలూ విరిగాయి, పొట్ట ఒక పక్క చీలింది, మోకుల నిండా ఒండ్రు. "ముట్టరాదు" అని రాసింది నేనే, కింది అరలో పెట్టిందీ నేనే. కార్యదర్శిగా ఆ తప్పు నాది. పెద్దాయనకు ఫోన్ చేయడానికి రెండు రోజులు పట్టింది.

ఆయన వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, దాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. "పగిలిన ఓడ కావాలన్నారుగా, ఇదిగో" అన్నారు. ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. చిన్న కొలత కూడా ఇప్పుడు అడ్డు కాలేదు. దూరాన ఇసుకలో సగం కూరుకున్న ఓడ చిన్నగానే కనిపించాలి కదా. దాన్ని బల్ల అవతలి చివర, ఇసుక కలిపిన ఫెవికాల్‌లో ఏటవాలుగా నాటాం. ఒండ్రు కడగవద్దన్నది ఆయన ఆజ్ఞ. ఆటగాళ్లు దగ్గరికి వెళ్లగానే పెద్ద ఓడ బల్ల మీదికి వస్తుంది, పాత రబ్బరు చెప్పు ముక్క ఒక పక్కకు దోపి వాల్చి పెడతాం.

జనవరి చివరి ఆదివారం ఆ ఆట ఆడాం. వర్తకుడి కూతురి పాత్ర వేసిన పదో తరగతి పిల్ల వాలిన డెక్ మీద పరిగెత్తబోయి పాచికలో 1 వేసింది. కర్పూరం పెట్టెతో సహా సరుకుల కొట్టులో పడింది. పై గిన్నె తీసి, రెండో గిన్నె తీసి, అడుగున ఆమె బొమ్మను పడుకోబెట్టాం. అక్కడ అప్పటికే ఇద్దరు ఊరివాళ్లు గోనెసంచులతో ఉన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆమె పెట్టె మూత తెరిచి, ముప్పై బిళ్లలు లెక్కపెట్టి, ఒకటి తీసి వాళ్ల ముందు పెట్టి, "రాజుగారి సుంకం ఇది. తక్కినవి మావి" అంది. గేమ్ మాస్టర్ పాచిక వేయమని కూడా అడగలేదు.

ఆట అయ్యాక పెద్దాయన తన ఓడ దగ్గరికి వెళ్లి, ముక్కున వేలాడుతున్న మంత్రగత్తె బొమ్మను, చేతిలో గుర్రం తోక ఉంటుంది చూడండి, దాన్ని గోటితో ఊడదీసి జేబులో వేసుకున్నారు. "నా ముప్పయ్యో వంతు" అన్నారు. సంఘం ఆస్తుల పట్టికలో ఆ మేరకు సవరణ జరిగింది.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. అందులో "పంచె, ఒకటి" అన్న పద్దు గురించి ప్రశ్నలు వేయవద్దని మనవి. నీళ్లలో పోయిన పాత మ్యాపులకు బదులు కొత్తవి కొనాలి. అరలన్నీ నేల నుంచి మూడడుగుల ఎత్తుకు మార్చే పని సగమైంది. శనివారాలు సాయంత్రం డ్రిల్లు మెషీను ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే మిగతాదీ అయిపోతుంది. ఓడను ఎత్తేటప్పుడు దయచేసి కొయ్య పట్టుకుని ఎత్తకండి. అది మీ చేతికి వస్తుంది, ఓడ కింద పడుతుంది.

ఇట్లు,
కార్యదర్శి