గేటు లోపల మన పిల్లలు ఉండాలి: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక బ్యాటరీ కంపెనీ నుంచి ఇంజనీర్ మేడం ఒకరు మన బడికి వచ్చారు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఛార్జి తీసేసి, ముందే కోసి తెచ్చిన బ్యాటరీ సెల్‌ను పదో తరగతి బల్ల మీద పెట్టి చాప పరిచినట్టు విప్పారు. ఒక రాగి రేకు, ఒక అల్యూమినియం రేకు, మధ్యలో పల్చటి తెల్లని పొర. రాగి రేకు మీది నల్లటి పూత గ్రాఫైట్. మన పిల్లలు రోజూ చెక్కే పెన్సిల్‌లో ఉండేదే. వెనక బెంచీ వాళ్లు బల్లలెక్కి చూశారు. సెల్ తయారయ్యే గదిలో గాలికి తేమ దాదాపు లేకుండా చేస్తారని చెప్పగానే, "మరి వానాకాలం ఎట్ల మేడం?" అని ఒక పాప అడిగింది. ఆక్సీకరణం, క్షయకరణం అని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఇలాంటి ప్రశ్న రాలేదు.

మన మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన సంగతి మీకు తెలుసు. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. పోలేపల్లిలో మందుల కంపెనీలు అంతకు ముందే వచ్చాయి. మన పెద్దవాళ్లు పని కోసం బొంబాయి, పూణె బస్సులు ఎక్కారు. ఇప్పుడు పని మన పక్కకే వచ్చింది. మన పిల్లలు ఆ గేటు దగ్గర కాపలా ఉంటారా, లోపల ల్యాబ్‌లో ఉంటారా అని ఆలోచిస్తుంటే నాకు నిద్ర పట్టదు.

"కంపెనీలు స్కాలర్‌షిప్‌లు, ట్రైనింగ్ ఊరికే ఎందుకిస్తాయి మేడం?" అని కొందరు అడిగారు. అడగాల్సిందే. వాళ్లకు పని తెలిసిన మనుషులు కావాలి, అది ఒకటి. పైగా 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి పనికొచ్చే పనులకు ఖర్చు చేయాలి. చదువు అందులో ఉంది. కాబట్టి అప్లై చేయడానికి మొహమాటం అక్కర్లేదు. ఇన్ఫోసిస్ ఫౌండేషన్ 'స్టెమ్ స్టార్స్' కింద ఇంజనీరింగ్, సైన్స్ చదివే ఆడపిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. ఇంటర్ అయ్యాక ట్రైనింగ్ ఇచ్చి, ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదివించే హెచ్‌సీఎల్ టెక్‌బీ ఉంది. చేతిపని ఇష్టమైన పిల్లల కోసం రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త యంత్రాలతో మార్చే పని 2024లో మొదలైంది. ఐటీఐ అంటే చిన్నచూపు వద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఒక్క జాగ్రత్త: ఎక్కడైనా సంతకం పెట్టే ముందు ఫీజు ఎంత, జీతం ఎంత, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, ఈ మూడూ కాగితం మీద చూడండి. అర్థం కాకపోతే నా దగ్గరికి తీసుకురండి.

పోయినేడాది మన బడిలో చదివి ఇంటర్ పాసైన ఒక అమ్మాయికి స్కాలర్‌షిప్ చేతికొచ్చినట్టే వచ్చి పోయింది. మార్కులు బాగానే ఉన్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మెమోలో ఒక్క అక్షరమే ఉంది. అది సరిచేయించేలోపు తేదీ దాటింది. ఆ పిల్ల మా స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఏడ్చిన రోజు నేను మరిచిపోలేదు. అందుకే వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ సర్టిఫికెట్ తీసుకుని రండి. ఆదాయ సర్టిఫికెట్ లేకపోతే ముందే మీసేవలో దరఖాస్తు పెట్టండి. పేర్లన్నీ మా టీచర్లు కూర్చుని సరిచూస్తారు.

ఇంకో మాట. పిల్లల్ని ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్లాలనుకుంటున్నాం. అనుమతి పత్రాలు అబ్బాయిల ఇళ్ల నుంచి దాదాపు అన్నీ వచ్చాయి, అమ్మాయిల ఇళ్ల నుంచి సగం కూడా రాలేదు. వానాకాలం గురించి అడిగిన పాపది కూడా ఇంకా రాలేదు. ఇద్దరు లేడీ టీచర్లు, నేను వెంట ఉంటాం. సాయంత్రం 5 గంటలకల్లా బస్సు బడి దగ్గరికి వచ్చేస్తుంది. శనివారం వచ్చేటప్పుడు ఆ కాగితం మీద కూడా సంతకం పెట్టి తెండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు