మైళ్లకూ ఒక లెక్క ఉండాలి, మంత్రిగారూ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి నమస్కారం.

విమానాలు నడిపే హక్కును ప్రభుత్వ సంస్థలకే ఉంచిన ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం 1994లో రద్దయ్యాక, టికెట్ ధర విమాన సంస్థల ఇష్టమైంది. గిరాకీని బట్టి రేటు మారుతుంది, సరే. సంక్రాంతికి ప్రైవేటు బస్సు రేటూ పెరుగుతుంది. దాని గురించి నేనిప్పుడు గొడవ పడను.

నా గొడవ మైళ్లతో, అంటే తమ విమానాల్లో తిరిగినందుకు సంస్థలు మన ఖాతాలో వేసే పాయింట్లతో. అవి కూడబెట్టుకుంటే తర్వాత టికెట్ కొనుక్కోవచ్చు. అమెరికాలో పిల్లలున్న మాలాంటివాళ్లం తక్కువ ధరకు వేరే విమానం దొరికినా, పాయింట్లు పోతాయని ఒకే సంస్థను పట్టుకుని తిరుగుతాం. తీరా వాడుకుందామనుకునేసరికి, హైదరాబాద్ టికెట్‌కు కావలసిన మైళ్లు పెంచేశామని ఒక ఈమెయిల్ వస్తుంది. వేసవి సెలవుల్లో అయితే అసలు సీటే చూపించరు. దొరికిన ఆ 'ఉచిత' టికెట్ మీద మళ్లీ వేలకు వేల సర్‌ఛార్జీ. అది ప్రభుత్వ పన్ను కాదు, సంస్థ సొంత వసూలు. అయినా 'పన్నులు, రుసుములు' అంటూ రెండూ ఒకే వరసలో కలిపేస్తారు.

మైళ్లు వాళ్లు చేసే దానమేమీ కాదు. తమ కార్డు వాడేవాళ్లకు ఇవ్వడానికి క్రెడిట్ కార్డు బ్యాంకులు వాటిని డబ్బిచ్చి మరీ కొంటాయి. అమెరికా రవాణా శాఖ 2024 సెప్టెంబరులో నాలుగు పెద్ద విమాన సంస్థలను ఈ మైళ్ల పథకాల లెక్కలు అడిగింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా అడగవచ్చు కదా?

(గల్ఫ్ నుంచి వచ్చే నిజామాబాద్, కరీంనగర్ కార్మికులకు ఈ మైళ్ల బాధ కూడా లేదు. సెలవు ఎప్పుడిస్తారో తెలియక ఆఖరి నిమిషంలో కొంటారు, ఎక్కువే కడతారు. దానికి వేరే లేఖ రాయాలి.)

అడిగేది రెండే: మైళ్ల విలువ తగ్గించాలంటే ఆరు నెలల ముందే చెప్పాలి, సర్‌ఛార్జీని పన్నుల నుంచి విడదీసి చూపాలి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ప్రయాణికుడు